డైనమిక్ ఉంది కదా అని ఘాట్ దిగేస్తే ఎలా?

ఘాట్ సెక్షన్‌కి రోడ్ లెర్నింగ్‌కి (లైను నేర్చుకోవడానికి) వచ్చే కుర్రాళ్లలో చాలామంది అడిగే మాట ఒకటుంది. "సార్, వ్యాగ్-9లో రీజెన్ ఇంత గట్టిగా పట్టుకుంటోంది కదా, మరి ఏ-9 జోలికి ఎందుకు వెళ్లడం?" అని. వ్యాగ్-9 అంటే కరెంటు గూడ్స్ ఇంజన్, రీజెన్ అంటే దాని మోటార్లతోనే పట్టే డైనమిక్ బ్రేకు, ఏ-9 అంటే వ్యాగన్లన్నిటికీ గాలి బ్రేకు వేసే హ్యాండిల్. అడగడం మంచిదే. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న ధీమా చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. క్యాబ్‌లో చెప్దామంటే సగం మాట బ్లోయర్ చప్పుడులో పోతుంది, మిగతా సగం వాకీటాకీ మింగేస్తుంది, అందుకే తీరిగ్గా కూర్చుని ఇక్కడ రాస్తున్నా. గూడ్స్ నడిపేవాళ్ల కోసమే రాస్తున్నాను గానీ, అరకు రైల్లో అద్దాల బోగీ ఎక్కి, ఎదురుగా కొండ దిగుతున్న ఓర్ (ఇనుప ఖనిజం) బండిని చూసి "ఇంత బరువు ఎలా ఆగుతుందిరా బాబూ" అనుకున్నవాళ్లకి కూడా ఇందులో జవాబు ఉంటుంది.

మన కేకే లైను సంగతి విశాఖపట్నంలో తెలియనివాళ్లు తక్కువ. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్లు, 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టు మీదుగా జపాన్ పంపడానికి వేసిన లైను. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం, బొడ్డవర వరకు దిగుడే దిగుడు. వంపు మీద వంపు, టన్నెల్ వెనక టన్నెల్. గ్రేడియంట్ 1 ఇన్ 60, అంటే కిలోమీటరుకి దాదాపు 17 మీటర్లు కిందికి. ఇంకో లైనులో అయితే ఖాళీలు దిగి లోడు ఎక్కే చోట్లుంటాయి, ఇక్కడ ఖాళీ రేకు (వ్యాగన్ల వరుస) ఎక్కుతుంది, ఓర్ నింపుకున్న రేకు దిగుతుంది. అందుకే వాల్తేరు లోకోల్లో డైనమిక్ బ్రేక్ మొదటి నుంచీ అవసరమే అయింది. 1980ల చివర్లో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన వ్యాగ్-6 ఇంజన్లు ఈ లైనులో తిరిగాయి, తర్వాత చాలాకాలం డీబీఆర్ (డైనమిక్ బ్రేకింగ్ రెసిస్టర్) ఉన్న వ్యాగ్-5లు మూడేసి కట్టుకుని దిగాయి, ఇప్పుడు వ్యాగ్-9ల కాలం.

డైనమిక్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తా, తెలిసినవాళ్లు దాటేయండి. బండిని లాగే ట్రాక్షన్ మోటారునే జనరేటర్‌గా మారుస్తారు. చక్రం మోటారుని తిప్పుతుంది, మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు పుట్టించడానికి అయ్యే శ్రమే చక్రాన్ని పట్టి ఆపుతుంది. వ్యాగ్-5లోనూ డీజిల్ లోకోల్లోనూ ఆ కరెంటుని రెసిస్టర్ గ్రిడ్‌లోకి పంపి వేడిగా వదిలేస్తారు, వ్యాగ్-9లో తిరిగి ఓహెచ్‌ఈలోకే (పైనున్న కరెంటు తీగలోకే) పంపుతారు, అదే రీజెన్. అనంతగిరి ఘాట్ రోడ్డులో లారీ డ్రైవర్ సెకండ్ గేరులో వేసుకుని దిగినట్టే. బ్రేక్ డ్రమ్ములు కాలకుండా ఇంజనే బండిని పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. 58 బాక్స్-ఎన్ (పైన తెరిచి ఉండే) వ్యాగన్ల లోడు రేకు, లోకోలతో కలిపి గుండుగుత్తగా 5000 టన్నులు అనుకుందాం. 1 ఇన్ 60లో ఆ బండిని కిందికి లాగే బలం 5000ని 60తో భాగిస్తే వస్తుంది, 83 టన్నులు. చక్రాల, బేరింగుల నిరోధం సుమారు 10 టన్నులు తీసేసినా 73 టన్నుల తోపు ప్రతి క్షణం బండి మీద ఉంటుంది. వ్యాగ్-9 రీజెన్ బ్రేకింగ్ ఎఫర్ట్ గరిష్ఠంగా 260 కిలోన్యూటన్లు, అంటే ఇరవై ఆరున్నర టన్నులు. రెండు లోకోలైతే 53. మరి మిగతా 20 టన్నులు ఎవరు పట్టుకోవాలి? మూడో లోకో ఉంటే 80 వస్తుంది, లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ మూడింటినీ చివరి దాకా లాగి వాడుతున్నామంటే చేతిలో మిగులు ఏమీ లేదని అర్థం. ఒక్క లోకోలో ఒక్క బోగీ (లోకో కింది చక్రాల సెట్టు) ఐసొలేట్ అయి పనిచేయకపోయినా స్పీడు ముల్లు పైకి కదలడం మొదలుపెడుతుంది.

ఆ ముల్లు ఎంత వేగంగా కదులుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది అంచనా తప్పుతుంది. 30 మీద దిగుతున్నాం, మొత్తం డైనమిక్ మీదే ఉన్నాం, ఏ-9 అసలు వేయలేదు అనుకోండి. ఉన్నట్టుండి డైనమిక్ పోయింది. ఆ 73 టన్నుల తోపుకి బండి స్పీడు ప్రతి సెకనుకీ గంటకి దాదాపు అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. ఏమైందో చూసి, లీవర్ వెనక్కీ ముందుకీ ఒకసారి కదిపి, ఏ-9 లాగేసరికి ఐదు సెకన్లు. గూడ్స్ వ్యాగన్‌లో బ్రేక్ సిలిండర్ పూర్తిగా నిండడానికి 18 నుంచి 30 సెకన్లు. అంటే బ్రేకు గట్టిగా పట్టే సమయానికి బండి 40 దాటి ఉండొచ్చు. 30కీ 40కీ పదే కదా తేడా అంటారా, బండిలో ఉన్న శక్తి మాత్రం స్పీడు వర్గంతో పెరుగుతుంది, 40 దగ్గర అది 30లో ఉన్నదాని కంటే 78 శాతం ఎక్కువ. అదంతా బ్రేక్ బ్లాకులే మింగాలి. చల్లగా ఉన్న బ్లాకులు మింగుతాయి. అప్పటికే కాలి ఉన్న బ్లాకు అయితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకాస్త కాలుతుంది.

అందుకే నా పద్ధతి ఒకటే, వచ్చిన ప్రతి ఏఎల్పీకీ (అసిస్టెంట్ లోకో పైలట్‌కీ) అదే చెప్తాను. దిగుడు మొత్తం డైనమిక్ మీద పెట్టకు. ఏ-9తో మినిమమ్ రిడక్షన్ (బ్రేక్ పైపులో గాలి కాస్త మాత్రమే దించడం) వేసి, వెనక వ్యాగన్లన్నీ తలా కాస్త పట్టుకునేలా చేసి, పైన మిగిలినది డైనమిక్‌తో పెంచుతూ తగ్గిస్తూ సర్దు. స్పీడుని చేతిలో ఉంచేది డైనమిక్, బండిని ఆపేది ఎయిర్ బ్రేక్, ఈ రెండు పనులూ కలిపేయకూడదు. అలా దిగితే ఒకవేళ డైనమిక్ పోయినా బ్లాకులు అప్పటికే చక్రానికి ఆని ఉంటాయి, ఇంకో అర కేజీ బీపీ (బ్రేక్ పైపు గాలి) దించడం క్షణాల పని.

డైనమిక్ ఎందుకు పోతుంది? పోవడానికి వంద దారులు. ఓహెచ్‌ఈ ట్రిప్ అయితే రీజెన్ ఉండదు. ఏదైనా రిలే పనిచేసి వీసీబీ (లోకో మెయిన్ స్విచ్) ఓపెన్ అయినా ఉండదు. న్యూట్రల్ సెక్షన్ (తీగలో కరెంటు లేని ముక్క) వస్తే మనమే ఓపెన్ చేస్తాం, అంటే ఆ కాసేపూ ఎలక్ట్రిక్ బ్రేక్ లేదనే లెక్క. దిగుడులో న్యూట్రల్ సెక్షన్ ఉంటే బోర్డు దగ్గరికి వచ్చాక ఆలోచించడం కాదు, చాలా ముందే ఏ-9 వేసి, పట్టిందని స్పీడు ముల్లులో కళ్లతో చూసుకుని, అప్పుడు నెమ్మదిగా రీజెన్ తగ్గించి, ఆ తర్వాత ఓపెన్ చేయాలి. రిఓస్టాట్ (గ్రిడ్‌లో వేడిగా వదిలేసే బ్రేకు) కదా, ఓహెచ్‌ఈతో పనేముంది అని కొందరు అనుకుంటారు. వ్యాగ్-5 డీబీఆర్‌లో కూడా మోటారు ఫీల్డుకి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచే రావాలి, డీజే (వ్యాగ్-5లో మెయిన్ స్విచ్) ఎగిరితే అదీ పోతుంది.

వేయడంలో కూడా పద్ధతుంది. డైనమిక్ పనిచేసేది లోకో చక్రాల మీదే, వెనకున్న 58 వ్యాగన్లకి దానితో సంబంధం లేదు. ఆరువందల మీటర్లకు పైగా పొడవున్న బండి, ప్రతి కప్లర్‌లోనూ కాస్త వదులు. నాచ్‌ల (పవర్ మెట్ల) మీద లాగుతూ ఘాట్ నెత్తి మీదికి వచ్చినప్పుడు బండి సాగి ఉంటుంది. అక్కడ టపీమని డైనమిక్ లాగేస్తే ముందున్న లోకోలు నిలబడతాయి, వెనకున్న నాలుగున్నర వేల టన్నులూ వచ్చి ఒక్కసారే గుద్దుతాయి. నేరుగా ఉన్న పట్టా మీద అయితే నడుం పట్టేస్తుంది, అంతే. వంపులోనో, పాయింట్ల మీదో అయితే తేలికగా ఉన్న వ్యాగన్ పక్కకి ఎగిసి పట్టా దిగిపోతుంది. ముందు ఖాళీలు, వెనక లోడులు కలిపి కట్టిన బండి వస్తే మరీ జాగ్రత్త, మధ్యలో నలిగిపోయేది ఆ ఖాళీ వ్యాగనే.

కాబట్టి శిమిలిగుడ దాటుతూనే, బండి సగం ఇంకా ఎగువనే ఉండగానే, నాచ్‌లు ఒక్కొక్కటిగా తగ్గించి సున్నాకి తెచ్చి కాసేపు వదిలేయాలి. డీజిల్లో అయితే థ్రాటిల్ ఐడిల్‌కి తెచ్చాక కనీసం పది సెకన్లు ఆగి అప్పుడు బ్రేక్‌లోకి వెళ్లాలి, లేదంటే మోటార్లలో సర్జ్ వస్తుంది. ఆ తర్వాత లీవర్‌ని అతి తక్కువలో పెట్టి ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం, స్పీడు కాస్త కాస్త పెరుగుతుంటే చెయ్యి ఆగదు. కానీ ఆ కొద్ది క్షణాలు సీటులో కూర్చుని చూడండి. ముందు దగ్గరలో ఒక చిన్న తాకిడి, వెనకే ఇంకోటి, ఇంకాస్త దూరంగా ఇంకోటి, వెన్నుకి తెలుస్తూ ఉంటుంది వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరపడుతున్నాయని. చివరి తాకిడి వచ్చాక బండంతా ఒకే ముద్దలా కదలడం మొదలవుతుంది, ఊగిసలాట పోతుంది. అప్పుడు పెంచాలి లీవర్. డీబీఆర్ లోకో అయితే అమ్మీటర్ ముల్లు లేస్తుంది, దానితో పాటే నెత్తిమీద గ్రిడ్ ఫ్యాన్ గొంతు పెంచుతుంది, ఎందుకంటే ఆ ఫ్యాన్ తిరిగేది కూడా ఆ బ్రేకింగ్ కరెంటుతోనే. అలవాటైనవాళ్లు మీటర్ చూడకుండానే ఫ్యాన్ చప్పుడుతో ఎంత పట్టుకుందో చెప్పేస్తారు. ముల్లు లేచి ఫ్యాన్ మోగకపోతే అక్కడ ఏదో తేడా ఉందని అర్థం, గ్రిడ్ ఎర్రగా కాలిపోతుంది, వెంటనే తగ్గించాలి.

వదిలేటప్పుడు కూడా ఇదే ఓపిక కావాలి. దిగుడు అయిపోయింది కదా అని లీవర్ ఒక్క విసురులో సున్నాకి తోసేస్తే, దగ్గరపడ్డ బండి ఒక్కసారిగా సాగి ఎక్కడో కప్లర్ తెగుతుంది. పార్టింగ్‌లు (బండి రెండుగా తెగడాలు) ఎక్కువగా లాగేటప్పుడే అవుతాయని అనుకుంటారు గానీ, ఇలా వదిలేటప్పుడు కూడా అవుతాయి.

ఎస్‌ఏ-9 (లోకోకి మాత్రమే వేసే గాలి బ్రేకు) గురించి గట్టిగా చెప్పాలి. డైనమిక్ మీద ఉన్నప్పుడు ఎస్‌ఏ-9 ముట్టుకోవద్దు. ఏ-9 వేస్తే లోకో బ్రేకు పడకుండా ఇంటర్‌లాక్ చూసుకుంటుంది, అందుకే వ్యాగన్లకి గాలి, లోకోకి డైనమిక్ హాయిగా కలిసి నడుస్తాయి. ఎస్‌ఏ-9 మాత్రం లోకో చక్రాల మీదే నేరుగా పడుతుంది. డైనమిక్ ఒక్కటే ఉంటే చక్రం పూర్తిగా బిగిసిపోవడం జరగదు, ఎందుకంటే తిరగడం తగ్గితే కరెంటూ తగ్గుతుంది, పట్టు తనంతట తానే సడలుతుంది. దాని మీద ఎస్‌ఏ-9 కూడా పడితే చక్రం నిలిచిపోయి పట్టా మీద జారుతుంది. టైరు ఒకచోట చదునవుతుంది, అంతకంటే ముఖ్యం, జారే చక్రం బండిని పట్టుకోదు. వానాకాలంలో ఇంకా ఘోరం. బొర్రా చుట్టుపక్కల టన్నెళ్లలో ఊటనీళ్లు పట్టాల మీదికి కారుతూ ఉంటాయి, బయట ఎండ ఉన్నా లోపల పట్టా తడిగానే ఉంటుంది. టన్నెల్ నోటికి ముందే డైనమిక్ ఒక మెట్టు తగ్గించి ఆ భారం ఏ-9 మీదికి మార్చుకోవాలి, శాండర్లు (పట్టా మీద ఇసుక చల్లేవి) పనిచేస్తున్నాయా లేదా అన్నది శిమిలిగుడలోనే చూసుకోవాలి, లోపలికి వెళ్లాక కాదు.

అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం గురించి ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్పాలని నా అభిప్రాయం. 1989 మే 12న కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో దగ్గర కహోన్ కనుమ దిగుతున్న గూడ్స్ అది. 69 వ్యాగన్ల ట్రోనా ఖనిజం, ముందు నాలుగు, వెనక రెండు లోకోలు. కాగితం మీద బరువు 6 వేల టన్నుల పైచిలుకు, అసలు బరువు వాళ్ల టన్నుల్లో దాదాపు 9 వేలు. లోకోల్లో కొన్నింటికి డైనమిక్ పనిచేయడం లేదు, ఆ సంగతి నడిపేవాళ్లకి పూర్తిగా తెలియదు. ఎంత వేసినా స్పీడు ఆగలేదు, చివరికి ఎమర్జెన్సీ వేశారు. ఆ లోకోల్లో ఎమర్జెన్సీ వేస్తే ఉన్న కాస్త డైనమిక్ కూడా తెగిపోతుంది. గంటకి 170 కిలోమీటర్లకు పైగా స్పీడుతో వంపులో పట్టాలు తప్పి ఇళ్ల మీద పడింది. ఇద్దరు సిబ్బంది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. 13 రోజుల తర్వాత అక్కడే భూమిలో ఉన్న పెట్రోలు పైపులైను పగిలి ఇంకో ఇద్దరు.

ఇది చదివినప్పుడల్లా నాకు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే మన లాబీయే గుర్తొస్తుంది. ఆ బండిలో కూర్చున్నవాళ్లు పనికిరానివాళ్లు కాదు, వాళ్ల దగ్గరున్న రెండు అంకెలు తప్పు, అంతే. బరువు ఎంత, డైనమిక్ ఎన్ని లోకోల్లో ఉంది అన్న రెండే. కాబట్టి బండి తీసుకునేటప్పుడు బీపీసీ (బ్రేక్ పవర్ సర్టిఫికెట్) చూడటమే కాదు, లోడు ఎంతో వే బ్రిడ్జ్ కాగితం అడగండి. వానకి తడిసిన ఓర్ బరువెక్కుతుంది. ఎంయూలో (ఒకే క్యాబ్ నుంచి నడిచేలా కలిపి కట్టి) ఉన్న ప్రతి లోకోలోనూ డైనమిక్ వస్తోందా అన్నది ఘాట్‌కి ముందు చిన్న దిగుడులో విడిగా చూసుకోండి, వెనక లోకో సంగతి ముందు క్యాబ్‌లో కూర్చుంటే అన్నిసార్లూ తెలియదు. మీ లోకోలో ఎమర్జెన్సీ వేస్తే డైనమిక్ ఉంటుందా, పోతుందా? ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా శిమిలిగుడ దాటకూడదు.

ఇంకో సంగతి, బండి నిలబడ్డాక డైనమిక్ అనేదే లేదు. చక్రం తిరిగితేనే కదా కరెంటు. డీసీ మోటార్ల లోకోల్లో 20 కిలోమీటర్ల కంటే దిగువకి వస్తేనే పట్టు పలచబడుతుంది, వ్యాగ్-9లో దాదాపు చివరి దాకా ఉంటుంది గానీ ఆగిన బండిని పట్టుకునేది మాత్రం గాలీ, హ్యాండ్ బ్రేకులే. ఘాట్‌లో ఏ కారణానికైనా ఎక్కువసేపు ఆగాల్సి వస్తే వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకులు కట్టాలి, చెక్కలు పెట్టాలి. 2019 ఫిబ్రవరిలో కెనడాలో ఫీల్డ్ అనే ఊరి దగ్గర ధాన్యం బండి ఒకటి విపరీతమైన చలిలో కొండ మీద ఎమర్జెన్సీలో ఆగి ఉండగా, గాలి కారిపోయి, తనంతట తానే కదిలి పట్టాలు తప్పి ముగ్గురు ప్రాణాలు పోయాయి. హ్యాండ్ బ్రేకులు కట్టలేదు. మన దగ్గర ఆ చలి లేదు నిజమే, గాలి లీకేజీ మాత్రం మనకీ ఉంది.

బొడ్డవరలోనో ఎస్.కోటలోనో ఆగినప్పుడు వీలుంటే ఏఎల్పీని కిందికి దింపి బండి పక్కన నడవమంటాను. చక్రం అంచుకి ముట్టుకోకుండా దగ్గరగా అరచేతి వెనక వైపు పెట్టి చూస్తే చాలు, ఎక్కడ ఎంత కాలిందో తెలిసిపోతుంది. డైనమిక్, ఏ-9 సమంగా వాడిన బండిలో ముందు నుంచి వెనక దాకా ఒకేలాంటి వెచ్చదనం ఉంటుంది. మొత్తం ఏ-9 మీద దిగిన బండి అయితే పక్కన నించోలేం, కాలిన బ్లాకు వాసన ముక్కుకి అంటుకుని ఇంటికి వచ్చినా పోదు. మధ్యలో ఒక్క వ్యాగన్ మాత్రం మంటలా ఉంటే అది బైండింగ్ (బ్రేకు వదలకుండా పట్టేయడం), డైనమిక్‌తో సంబంధం లేదు, దాని సంగతి వెంటనే ట్రైన్ మేనేజర్‌కి (గార్డుకి) చెప్పి చూసుకోవాలి. ఒక్క వ్యాగన్ చల్లగా ఉంటే ఇంకా ఆలోచించాలి, దానికి బ్రేకే పడటం లేదు.

చివరగా లాగ్ బుక్. "డీబీ వీక్" (డైనమిక్ బ్రేకు బలహీనం) అని రాసి సంతకం పెట్టేస్తారు చాలామంది. షెడ్‌లో ఆ రెండు ముక్కలు చూసి ఎవరూ ఏమీ చేయలేరు, బండి నిలబెట్టి చూస్తే అంతా బాగానే ఉంటుంది మరి. ఏ స్పీడులో, లీవర్ ఎంతలో ఉండగా, ఏ మోటారుకి కరెంటు ఎంత వచ్చింది, ఎంతసేపటికి పడిపోయింది, అప్పుడు వాన ఉందా లేదా, ఇవన్నీ రాయండి. తర్వాత ఎక్కే లోకో పైలట్‌కి నోటితో కూడా చెప్పండి. డైనమిక్ సరిగ్గా లేని లోకోతో లోడు తీసుకుని ఘాట్ దిగమంటే, టైం పోతోందని ఎవరెంత తొందరపెట్టినా, కుదరదని మర్యాదగా చెప్పి, చెప్పిన టైముతో సహా మెమో రాసివ్వండి. నేను అలాగే ఇస్తాను, నాతో దిగే కుర్రాళ్లందరి చేతా అలాగే ఇప్పిస్తాను.